వాయిదా బొండాలు

మా ఆయన కాశీవిశ్వనాథం ప్లీడరుగా ఉన్నన్నాళ్ళూ ఒక్క కేసు గెలవడం నేను చూడలేదు. ఓడిపోవడమూ చూడలేదు. వాయిదాలు మాత్రం కావలసినన్ని చూశాను. పొద్దున్నే నల్లకోటు చేతిమీద వేసుకుని పలాస నుంచి టెక్కలి కోర్టుకు వెళ్ళేవారు. సాయంత్రం వచ్చి "వాయిదా" అనేవారు. నేను కాఫీ పెట్టేదాన్ని. మా కాపురం సగం ఆ మాట మీదే నడిచింది.

మరీ అంత తేలిగ్గా తీసెయ్యకూడదు లెండి. వజ్రపుకొత్తూరు దిగువన, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పేట ఒకటుంది. దాన్ని లేపేసి ఏదో కంపెనీకి ఇచ్చెయ్యాలని చూస్తే, పేట తరఫున కేసు పట్టుకున్నది ఈయనే. వాళ్ళ దగ్గర సరైన కాగితాలు లేవు, వాదిస్తే ఓడిపోతారు. అందుకని వాదించకుండా లాగారు. సాక్షికి జ్వరమనీ, నకలు అందలేదనీ ఏళ్ళ తరబడి లాగారు. చివరికి కంపెనీవాళ్ళే విసిగిపోయి వెళ్ళిపోయారు. పేట ఇప్పటికీ అక్కడే ఉంది.

వాయిదా పడిన ప్రతిసారీ పేటవాళ్ళు మా ఇంటికి కొబ్బరిబొండాలు తెచ్చేవారు. ఎవరైనా మేలు చేస్తే వాళ్ళు చేపలిస్తారు. మేం చేపలు తినం కాబట్టి మాకు బొండాలు. పేట పెద్ద గోవిందు గెల భుజాన వేసుకొచ్చి వరండాలో దించి, "మనదేనమ్మగారూ, వాయిదా ఏసీసినారు" అనేవాడు. వాయిదా అంటే గెలుపని వాళ్ళకు నేర్పింది కూడా ఈయనే. "కేసు నడుస్తున్నంత కాలం మీ ఇంట్లో మీరున్నట్టేరా" అనేవారు. ఆ పేటలో పసిపిల్లలకు కూడా ఆ మాటకు అదే అర్థం.

ఆ గెలుపే ఈయన్ని ఎమ్మెల్యేని చేసింది. నాలుగేళ్ళలో మనిషి నలిగిపోయారు. పెళ్ళిళ్ళు, పరామర్శలు, శంకుస్థాపనలు. ఇంటికొచ్చి చెప్పులు విప్పే ఓపిక కూడా ఉండదు. నాకు మాత్రం ఎక్కడిది? వచ్చినవాళ్ళందరికీ టీలు పోసి పోసి, ఇల్లు కాస్తా బస్టాండయిపోయిందని ఆయనతో ఎన్నిసార్లో అన్నాను.

ఈలోగా గోవిందుకు కిడ్నీలు పోయాయి. మా ఉద్దానం ప్రాంతంలో ఆ మాట చెబితే ఎవరూ ఉలిక్కిపడరు. ప్రతి వీధిలోనూ ఒకరో ఇద్దరో ఉన్నారు. వారానికి మూడుసార్లు పలాస తీసుకొచ్చి డయాలసిస్ చేయించాలి. గంటసేపు ఆటోలో కుదుపులు, సగం రోజు మిషను పక్కన పడక, మళ్ళీ అదే ఆటో. తిరిగెళ్ళేసరికి అతన్ని ఇద్దరు పట్టుకుని దించాలి. అతని భార్య దాలమ్మ ఈయన్ని కోరింది ఒక్కటే, తమ పేట దగ్గర ఆసుపత్రిలో ఆ మిషన్లు పెట్టించమని.

ఈయన అడగకపోలేదు. అసెంబ్లీలో లేచి అడిగారు, మంత్రుల గుమ్మాలెక్కి అడిగారు. పరిశీలనలో ఉందన్నారు. ఈసారి సమావేశాలకు వెళ్ళొచ్చి, వాలుకుర్చీలో కూలబడి, "వచ్చే బడ్జెట్‌లో చూస్తామన్నారు రమా" అన్నారు.

"అంటే లేదనేగా?"

"కొట్టెయ్యలేదు కదా. పెండింగులో ఉంది."

నాకు ఒళ్ళు మండింది. పేటంటే ఇసకనేల కాబట్టి కేసు నడిచినన్నేళ్ళూ కదలకుండా పడి ఉంది, మనిషి అలా పడి ఉంటాడా అని అడుగుదామనుకున్నాను. ఆయన మొహం చూసి ఊరుకున్నాను. అంతలో దాలమ్మ ఫోను చేసింది. "వాయిదా పడింది దాలమ్మా, వచ్చే బడ్జెట్‌కి" అని చెప్పి పెట్టేశారు. ఎప్పుడూ చెప్పే మాటే, నేనూ పట్టించుకోలేదు.

మరుసటి వారం మధ్యాహ్నం దాలమ్మ వచ్చింది. చంకన బొండాల గెల. వరండాలో దించి, కొంగుతో మొహం తుడుచుకుని నవ్వింది.

"ఇవన్నీ ఎందుకు తెచ్చావే?" అన్నాను.

"వాయిదా ఏయించీసినారు గదమ్మా బాబుగారు. ఆయనైతే ఈటిని తాగకూడదంట, డాక్టరు ఒద్దన్నాడు. సెట్టు మాత్రం కాత్తంది. మీరైనా తాగండి."

"గోవిందు ఎలా ఉన్నాడు?"

"కాళ్ళు పొంగీసినాయి. కూసింత ఆయాసం. పలాస రాడం మానీసినాడమ్మా. పిలీడరుబాబు వాయిదా ఏయించినారంటే మనదే, ఇంక మనకాడికే మిషన్లు వచ్చెత్తాయి, నాలుగు రోజులు ఓర్సుకుంతాను గానీ ఈ ఆటోల్లో తిరగనేనే అన్నాడు. నానూ సరే అన్నాను."

లోపల పేపరు చదువుకుంటున్న ఈయన లేచి గుమ్మంలోకి వచ్చారు. గెల వైపు చూశారు, దాలమ్మ వైపు చూశారు. చేతిలో పేపరు మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచారు. కోర్టులో ఆయన్ని ఇలా ఎవరూ చూసి ఉండరు.

"చెప్పండి" అన్నాను నేను.

"ఓడిపోయాం దాలమ్మా" అన్నారు. "మిషన్లు రావు. నా వల్ల కాలేదు."

ముప్పై ఏళ్ళలో ఆ మాట ఆయన నోట నేను వినలేదు. నాకు జాలేసింది, కోపం కూడా వచ్చింది. దేనికెక్కువో ఇప్పటికీ చెప్పలేను.

దాలమ్మ ఏడవలేదు. గెల పక్కనే మెట్టు మీద మెల్లగా కూర్చుంది.

"ఓడిపోతే ఓడిపోనామని సెప్పాల గదా బాబూ" అంది. "మూడు తడవలు మానీసినాడు."

డ్రైవరు భోజనానికి వెళ్ళాడు. అతని కోసం ఆగకుండా ఈయనే తాళాలు అందుకుని, చెప్పులైనా వేసుకోకుండా, కాలిపోతున్న గచ్చు మీద కారు దాకా నడిచారు. దాలమ్మ వెనక తలుపు దగ్గర నిలబడితే ముందు తలుపు తీసి, "కూర్చో, గోవిందును ఆసుపత్రికి తీసుకొద్దాం" అన్నారు. గేటు దాటేటప్పుడు కారు గోడకు రాసుకుంది. ఆయన బండి నడిపి నాలుగేళ్ళయింది.