మూడో రాయి

ఎసరు మరగగానే మార్తమ్మ చేతులు వాటంతటవే బియ్యం గంప వైపు సాగాయి. ఏలూరు మిషన్ హాస్టల్లో నూటయాభై మంది ఆడపిల్లలకు వంట. ఈ రోజే ఆఖరు. రేపటి నుంచి ఆకివీడులో, స్టేషన్ వెనక అద్దెగదిలో, తనొక్కతే. ఇంతమందికీ కళ్ళు మూసుకుని బియ్యం పోసే మనిషికి ఒక్కరికి ఎంత పోయాలో తెలియదు. తెల్లవారినప్పటి నుంచీ కడుపులో ఏదో తేలుతున్నట్టుంది.

తనకు ముందు వంట చేసిన ఎలీయాజరు రిటైరయ్యాక కూడా రోజూ వచ్చి ఈ వంటింటి అరుగు మీదే కూర్చునేవాడు. ఉప్పు చూడమనైనా ఎవరూ పిలవలేదు. ఒక వేసవిలో ఆ అరుగు మీదే పోయాడు.

"రేపు మీరూ వచ్చేస్తారండీ, ఆయన్లాగే. కావాలంటే పందెం," అంది కొత్తగా వంటకు చేరిన రాజ్యం, వంకాయలు తరుగుతూ.

"ముందు వాటిని నీళ్ళలో వెయ్యవే. నల్లబడిపోతున్నాయి."

అలా అందే గాని, పొగ లేకుండానే మార్తమ్మ కళ్ళు మండాయి.

మధ్యాహ్నం చారు దించి, పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద నీళ్ళు చిలకరించింది. బుస్సుమని ఆవిరి లేచింది. చిన్నప్పుడు కొల్లేటి లంకలో వరద గడప తాకగానే అమ్మ ఇలాగే పొయ్యి ఆర్పేది. మట్టి తప్ప రాయి దొరకని చోటు; ద్వారకా తిరుమల కొండ దగ్గర నుంచి తెచ్చుకున్న రాళ్ళవి. అయినా రెండే పడవలోకి ఎత్తేది. "ఒకటి ఉండనివ్వండే, నీళ్ళు తీశాక ముందొచ్చినోళ్ళకి పనికొస్తది. మనం ఇంకోటి వెతుక్కుందాం," అనేది. పడవ దిగిన గట్టు మీద మూడో రాయి వెతికే పని పిల్లలది. పడవ కదులుతుంటే కడుపులో సరిగ్గా ఇలాగే తేలేది.

మార్తమ్మ చెయ్యి ఆగింది. అప్పుడు దాన్ని తనెన్నడూ భయం అనుకోలేదు. పడవెక్కే సరదా అనుకుంది.

ఈ పొయ్యిలో రెండు రాళ్ళు అమ్మవి, పనిలో చేరేటప్పుడు వెంట తెచ్చుకున్నవి. మూడోది ఏలూరు కాలవగట్టున దొరికింది. చల్లారిన కాలవగట్టు రాయినీ, అమ్మ రాళ్ళలో ఒకదాన్నీ గోనెసంచిలో వేసుకుంది.

కాసేపటికి వార్డెన్ పుష్పలత గేటు దాకా వచ్చింది.

"అప్పుడప్పుడూ వస్తుండండి, మార్తమ్మగారూ."

"నేను రానండి. మీరే రండి. కొలత తెలియక ఎలాగూ ఎక్కువే వండుతాను." రిక్షా ఎక్కి సంచి కాళ్ళ మధ్య పెట్టుకుంది. "పందెం ఓడిపోయావే, రాజ్యం," అని కేకేసి నవ్వింది.

రాజ్యం అప్పటికే పెరట్లో పొయ్యికి రెండు ఇటుకల కోసం వెతుకుతోంది. పొయ్యి దగ్గర మార్తమ్మ ఉంచిన అమ్మ రాయి ఇంకా వెచ్చగానే ఉంది.