అద్దం మీది వేలిముద్ర

డబ్బా మూత తీస్తే నీళ్లు కదిలినట్లుంటుంది.

నీళ్లు కావు... వెండి.

ప్రూఫ్ నాణెం. బజారులో తిరగడానికి కాదు, దాచుకోవడానికి కొట్టినది. ఖాళీ జాగా అంతా అద్దం. బొమ్మ మాత్రం పొగమంచు పట్టినట్లు తెల్లన.

కేసముద్రం ధాన్యం వ్యాపారి రాజలింగానికి ఇలాంటివంటే పిచ్చి. కొన్ని బొమ్మతో సహా అద్దాలు. కొన్ని మెరుపే లేని బూడిద రంగువి. అన్నిటికన్నా ఇష్టం, అరవై తొమ్మిది నాటి ఈ పది రూపాయల బిళ్ళ.

దానికొక్కటే మరక.

కొడుకు చైతన్య వేలిముద్ర.

చిన్నప్పుడు అందులో మొహం చూసుకోబోయి బొటనవేలు ఆనించాడు. ఆ రోజు రాజలింగం వాడి చెంప ఛెళ్లుమనిపించాడు. ముద్ర మెల్లగా గోధుమ రంగుకు తిరిగింది. మూత తీసినప్పుడల్లా ఉసూరుమనేవాడు. ఇల్లంతా వినేది. భార్య మనోరమ మరీ వినేది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. మార్కెట్ బోసిపోయింది. రైళ్లు ఆగాయి.

"పట్టాల మీద కూసునేతందుకు పోతున్న, బాపూ."

రాజలింగం మూత తీసి బిళ్ళను చూసుకుంటున్నాడు.

చైతన్యను పోలీసులు వ్యాన్ ఎక్కించారన్నారు. ఎక్కడికో ఎవరూ చెప్పలేదు. రాజలింగం మానుకోట ఠాణాలో అడిగాడు. వరంగల్‌లో అడిగాడు. లేడన్నారు.

అప్పటి నుంచి రోజూ మూత తీస్తున్నాడు. నాణెం కోసం కాదు — మరక కోసం. గీత పక్కన గీత... చిన్న బొటనవేలు. కొట్టినందుకు ఇప్పుడు ఏడుపొస్తోంది.

రైళ్లు మళ్లీ నడిచాయి. చైతన్య రాలేదు.

దీపావళి వచ్చింది. వ్యాపారి ఇంట్లో లక్ష్మీపూజకు వెండి బిళ్ళలు మెరవాలి. ఏటా పాత రూపాయలే తోమే మనోరమ, ఈసారి ఆ డబ్బా కూడా తెరిచింది. విభూతి అద్దింది. ఓపికగా రుద్దింది.

"ఎన్నేండ్ల సంది మరక, మరక అంటుంటిరి గద! పోరడు ఇల్లు చేరాల్నని మొక్కుకొని తోమిన. జర చూడుండ్రి, ఎట్ల మెరుస్తుందో."

పళ్లెంలో పువ్వుల మధ్య బిళ్ళ. అద్దం నిండా సన్నని గీట్లు. పొగమంచు లేదు.

వేలిముద్ర లేదు.

కోపం రాలేదు. అంతకన్నా పెద్దది వచ్చింది — భయం.

"మంచిగ తోమినవ్," అన్నాడు.

స్టేషన్‌లో రైలు కూసింది. ప్రతి కూతకూ లేచినట్లే మనోరమ లేచి వాకిట్లోకి ఉరికింది.

రాజలింగం బిళ్ళను చేతిలోకి తీసుకున్నాడు. ముద్ర ఉండిన చోట తన బొటనవేలు ఆనించాడు. ఎత్తి, దీపం వైపు వంచి చూశాడు.

పెద్ద ముద్ర. వాడిది కాదు.

వాకిట్లో అడుగుల చప్పుడు... మనోరమవో, ఇంకెవరివో.

అద్దంలో నీళ్లు కదిలాయి... ఈసారి వెండి కాదు.