వాపు దిగిన కాలు

నేను ఒక చేప తోలు ముక్కని. భీమవరం చెరువులో ఈదిన చేపది. ఫ్యాక్టరీలో పొలుసులు గీకి, మందునీళ్లలో కడిగి, పల్చగా ఆరబెట్టి, "పుండు మీద కొత్త చర్మం మొలిపిస్తుంది" అని పెట్టె మీద రాశారు. అబద్ధం. నాకు మొలిపించడం రాదు. మనుషుల ఒంట్లో కాపలా కణాలుంటాయి. పరాయిదాన్నైన నన్ను చూసి అవి ఒళ్లు మండి రావాలి, పుండులోని కుళ్లునీ నన్నూ కలిపి తినాలి. ఆ తర్వాత అవే శాంతించి, చర్మం అల్లే కణాలను పిలుచుకొస్తాయి. అందుకే ముందు వాపు, ఎరుపు, వేడి. నన్ను తినేస్తేనే నేను పనికొచ్చినట్టు.

కాకినాడ ఆస్పత్రిలో నన్ను వరహాలమ్మ అరికాలి పుండు మీద పరిచారు. షెడ్డులో ఐసు నీళ్లలో నిలబడి రొయ్యలు వలిచే మనిషి, షుగరు రోగి. "కాలు నిలబెట్టండమ్మా, మళ్లీ పన్లోకెళ్తాను" అంది. డాక్టరమ్మ కట్టు కట్టి, "కొంచెం వాస్తుంది, భయపడకండి. నన్నడక్కుండా ఏ మందూ వాడకండి" అని మరీ మరీ చెప్పింది.

అనుకున్నట్టే వాచింది. కణాలు వచ్చిపడి నన్ను కొరకడం మొదలెట్టాయి. నాకెంత సంతోషమో! వరహాలమ్మ మాత్రం మూలుగుతోంది. మొగుడు తాతారావు చూడలేకపోయాడు. పెళ్లామంటే అంత ప్రేమ మరి. వీధి చివర ఆర్‌ఎంపీ సూరిబాబు దగ్గరికి పరిగెత్తి తెల్ల గోళీలు తెచ్చాడు.

"ఇయ్యేసుకోవే, వాపు దిగిపోద్దంట."

దిగిపోయింది. స్టెరాయిడ్ కదా, వచ్చిన కణాలను వచ్చినచోటే నిద్రపుచ్చింది. కాలు సన్నబడిందని ఇద్దరూ మురిసిపోయి పూటపూటా అవే వేశారు. కట్టు కింద నన్ను ముట్టుకునే దిక్కు లేదు. చీము పట్టింది.

కట్టు విప్పగానే డాక్టరమ్మ మొహం వాడిపోయింది. "ఏమైనా మందులు వాడారా?"

"లేదమ్మా, ఒట్టు" అన్నాడు తాతారావు.

కావాలని అబద్ధమాడలేదు పాపం. అతని లెక్కలో మందంటే ఆస్పత్రి చీటీ మీద రాసేది. సూరిబాబు ఇచ్చేవి వాపు గోళీలు, అంతే. "వాపు కూడా దిగిపోయింది చూడండమ్మా" అన్నాడు, గర్వంగా.

చీము ఎముకదాకా పోయింది. మోకాలి కింద కాలు తీసేశారు. ఆస్పత్రి వెనక పసుప్పచ్చ సంచిలో, కాల్చడానికి పట్టుకుపోయే బండి కోసం పడున్నాను. ఏం జరిగిందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నాకు నోరు లేదు. రేపు ఇంకెవరి కాలో వాస్తే తాతారావు ఆ గోళీలే చెప్తాడు, మంచి మనసుతోనే. వరహాలమ్మ కాలు నా పక్కనే ఉంది. వాపు మాత్రం లేదు.