ఐదు చోట్ల అడిగిన అప్పు

మా బావమరిది నాకు నెలాఖరు వరకు గడువిచ్చాడు. అప్పటిదాకా అద్దె కార్లలో డయాలసిస్‌కు వస్తానన్నాడు. ఆ తర్వాత రానన్నాడు. అరిచి చెప్పలేదు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ, రేపు పాలు కాస్త తక్కువ పోయించుకో అన్నంత మామూలుగా చెప్పాడు.

అతను మా ఆవిడకు తమ్ముడు. బస్సు డిపోలో ఇరవై ఎనిమిదేళ్లు రూటు బోర్డులు రాసిన పెయింటరు. మూత్రపిండాలు పాడయ్యాక ముందే పింఛను తీసుకుని బయటికొచ్చాడు. పెళ్లి చేసుకోలేదు. మా ఆవిడ పోయిన రోజున చేతిసంచితో వచ్చాడు. తిరిగి వెళ్లే మాట అతనూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. అందులో ఎవరు ఎవరికి చేసిన ఉపకారం ఎంతో ఇప్పటికీ తేలలేదు.

వారానికి మూడుసార్లు డయాలసిస్. పోవడానికి రెండు బస్సులు, రావడానికి రెండు. నాలుగు గంటలు ఆ యంత్రానికి అతుక్కుని లేచేసరికి ఒంట్లోని నీరుతోపాటు సత్తువ కూడా పోతుంది. కిందటి నెల ఒకరోజు బస్‌స్టాపులో కూలబడిపోయాడు. నేనప్పుడు కాలేజీలో ఉన్నాను, భౌతికశాస్త్రం ల్యాబు నా చేతికింద ఉంటుంది. తాగి పడ్డాడనుకుని జనం చుట్టూ తిరిగి వెళ్లిపోయారు. పక్కన పండ్లమ్మే ఆవిడ మాత్రం తన గొడుగు తెచ్చి అతని మొహం మీద నీడ పడేలా పెట్టి, మళ్లీ వెళ్లి బేరంలో పడిందట. పడిపోయిన సంగతి అతను నవ్వుతూనే చెప్పాడు. గొడుగు దగ్గరికొచ్చేసరికి లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

ఆ తర్వాత బస్సెక్కనన్నాడు. అద్దె కార్లు పిలిపించాను. అద్దె కారులో అతను రోడ్డు చూడడు, మీటరు చూస్తాడు. దిగేటప్పుడు ప్రతిసారీ నా జీతంలో ఎంత భాగం తను మింగేశాడో లెక్క చెప్తాడు. చివరికి ఆ గడువు పెట్టాడు. రెండు వారాలు మానేస్తే ఏమవుతుందో డాక్టరు మా ఇద్దరికీ విడమరిచి చెప్పాడు. కాబట్టి అతనేం అంటున్నాడో నాకు తెలుసు. నాకు తెలుసని అతనికీ తెలుసు.

సొంత కారుంటే మీటరుండదు. నేనా ఆలోచనలో పడ్డాను. ఒకప్పుడు కాలేజీ వ్యాను నడపడానికి నేర్చుకున్న డ్రైవింగు ఉంది. ఆ మూడు మధ్యాహ్నాలూ ల్యాబు చూసుకుంటానని తోటి ఉద్యోగి మాటిచ్చాడు. లేనిది డబ్బు. దాచుకున్నదంతా మా ఆవిడ జబ్బుకు అయిపోయింది. సెకండ్ హ్యాండ్ కార్ల దుకాణంలో ఎనిమిదేళ్లనాటి బూడిదరంగు చిన్న కారొకటి చూశాను. కొంచెం బయానా తీసుకుని నెలాఖరుదాకా ఎవరికీ అమ్మనన్నాడు దుకాణం వాడు. మిగతాది అప్పు తేవాలి.

యాభై ఆరేళ్లు వచ్చాయి, అప్పుచేసి ఒక్క వస్తువూ కొనలేదు. అది మా ఆవిడ పెంపకం. నాలుగైదు కొట్లు తిరిగి ధర అడగందే ఆవిడ దారపు ఉండ కూడా కొనేది కాదు. చింపిన కవర్ల వెనక ధరలు వరసగా రాసుకునేది. చివరికి అన్నిటికన్నా తక్కువ చెప్పినచోటికే వెళ్లి, అక్కడా ఇంకొంచెం తగ్గించేది. ఆవిడతో తిరిగి తిరిగి నాకూ అదే వచ్చింది. ఒక పాత కవరు తీసుకుని బయల్దేరాను.

మొదటిది టైర్ల కొట్టు మీద రెండో అంతస్తులో ఉన్న ఫైనాన్స్ ఆఫీసు. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన పైదాకా వెంట వచ్చింది. కళ్లజోడు గొలుసుకు వేలాడేసుకున్న ఆఫీసరమ్మ పదకొండు శాతం వడ్డీ అంది. కూర్చోమని చెప్పి, నేను కూర్చున్నాక ఫ్యాను నావైపు తిప్పింది. బాగుందనిపించింది. అయినా మొదట అడిగినచోట కొనకూడదు కదా, మళ్లీ వస్తానని చెప్పి లేచాను. తొమ్మిది రోజుల్లో ఇంకో నాలుగు చోట్లకు వెళ్లాను. ఒకడు పన్నెండున్నర అన్నాడు, ఇద్దరు పద్నాలుగు అన్నారు. ఇంకొకచోట వడ్డీ తక్కువే గాని, రుసుముల పేర్లు నాలుగు చెప్పి ఆ తగ్గింది రాబట్టుకున్నారు. అన్నిచోట్లా గుర్తింపు కార్డు చూసి ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటున్నారు కాబోలనుకుని పెట్టాను.

పదో రోజున కవరు జేబులో పెట్టుకుని, గెలిచినవాడిలా టైర్ల కొట్టు మెట్లెక్కాను. పదిన్నర అడిగి పదకొండు దగ్గర ఆగుదామనుకున్నాను.

ఆఫీసరమ్మ నా వివరాలు కంప్యూటర్లో కొట్టి, కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత తెర నావైపు తిప్పింది.

“ఈ తొమ్మిది రోజుల్లో ఐదు చోట్ల అప్పుకు పెట్టుకున్నారా సార్?”

“పెట్టుకోలేదమ్మా. రేటు అడిగానంతే.”

“సంతకం పెట్టారు కదా. అది మీ రికార్డు తెరవడానికి మీరిచ్చే అనుమతి. తెరిచిన ప్రతిసారీ ఇక్కడ పడుతుంది. చూసేవాళ్లకు ఎలా కనబడుతుందంటే, ఐదు చోట్ల అడిగాడు, ఐదు చోట్లా ఇవ్వలేదు అని.”

నేను ఆ ఐదు గీతలూ చూశాను. ఇదివరకు ఏదైనా అప్పు తీర్చిన దాఖలా ఉందా అని ఆవిడ అడిగింది. స్కూటరు, టీవీ, ఫోను, ఏదైనా సరే. లేదని చెప్పాను. చెప్పేటప్పుడు నా వెన్ను నిటారుగానే ఉంది, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పు చేయనివాడు తీరుస్తాడో లేదో ఎలా తెలుస్తుందని ఆవిడ మెత్తగానే అడిగింది. ఆ ప్రశ్న నాకు ముప్పై ఏళ్లలో ఎవరూ వేయలేదు.

ఇప్పుడు పదకొండు కాదు, పదిహేడు అంది. దానికి కూడా పైవాళ్లు ఒప్పుకోరంది. ఆరు నెలలు ఎక్కడా ఏమీ అడక్కుండా ఊరుకుని అప్పుడు రమ్మంది. ఆరు నెలలు ఆగడం కుదరదని చెప్పాను గాని ఎందుకో చెప్పలేదు. లేచి వస్తుంటే వెనక నుంచి, మంచి రికార్డు ఉన్నవాళ్లు ఎవరైనా మీతోపాటు సంతకం పెడితే చూద్దాం సార్ అంది.

ఇంటికొచ్చేసరికి బావమరిది వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, మంచినీళ్లు గ్లాసులోకి కొలిచి పోసుకుంటున్నాడు. రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో అతనికి లెక్క ఉంది. నా మొహం చూసి గ్లాసు కింద పెట్టాడు. జరిగింది చెప్పాను. ఎప్పుడూ అప్పు చేయలేదు కనుక నన్ను నమ్మరట అన్నాను.

అతను నవ్వడం మొదలుపెట్టి, నవ్వు దగ్గులోకి దిగి, కళ్లు తుడుచుకుని కాని ఆగలేదు.

“అక్క ఉంటే వినాలి బావా ఈ మాట. ఎన్ని తిట్లు తిట్టింది నన్ను!”

నిజమే. మా ఆవిడ తమ్ముణ్ణి కిస్తీల మహారాజు అనేది. రేడియో కిస్తీల మీద, చేతి గడియారం కిస్తీల మీద, స్కూటరు కిస్తీల మీద, ఆఖరికి ఒకసారి తోలు బూట్లు కూడా. జీతం రాకముందే ఖర్చు పెట్టే మనిషని తనకు పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లకు ఆవిడే ముందుగా చెప్పేసిందని అతని ఆరోపణ.

“ఒక్క కిస్తీ తప్పలేదు నేను. పస్తున్నానేమో గాని తప్పలేదు. నా పేరు కొట్టి చూడమను ఆ కంప్యూటర్లో.”

“వద్దులే,” అన్నాను.

“ఏం, నా సంతకం పనికిరాదా?”

పనికిరాక కాదు. నెలాఖరు దాటి బతకనని తేల్చుకున్నవాడి చేత ఏళ్ల తరబడి తీర్చే అప్పు కాగితం మీద సంతకం ఎలా పెట్టించను? పైకి అనలేదు. అతనే కాసేపటికి గ్లాసు అందుకుని, సంతకానికి ఓపిక అక్కర్లేదులే బావా అన్నాడు.

మర్నాడు టైర్ల కొట్టు మెట్లు ఎక్కడానికి మాకు పావుగంట పట్టింది. మధ్యలో రెండుసార్లు, గోడ మీద ఆఫీసు పేరు ఎవడు రాశాడో గాని అక్షరాలకు నడుము లేదని వంకపెట్టి ఆగాడు. ఆగడానికి ఏదో ఒక వంక కావాలి కాబట్టి నేనూ అక్షరాల నడుములు చూస్తూ నిలబడ్డాను. ఎండాకాలమైనా నిండు చేతుల చొక్కా వేసుకొచ్చాడు. సూదులు గుచ్చే ఎడమ చేతి నరం తాడులా ఉబ్బి ఉంటుంది, అది కనబడకుండా మణికట్టు గుండీ కూడా పెట్టుకున్నాడు.

ఆఫీసరమ్మ అతని వివరాలు కొట్టింది. ఈసారి తెర చూసి కనుబొమలు పైకెత్తింది. ఇంత మంచి రికార్డు ఈ నెలలో చూడలేదంది. బావమరిది నావైపు చూడకుండా గోడ మీది క్యాలెండరు చూశాడు, కాని చెవులు ఎర్రబడ్డాయి. అతను అలా సంతోషించడం చూసి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు. పింఛను కాగితాలు చూసింది. ఇద్దరి పేర్లా పెడితే పదమూడున్నరకు ఇప్పిస్తానంది. కవరు మీద నేను రాసుకున్న పదకొండు ఊసు నేను ఎత్తలేదు. బేరమాడే నోరు నాకప్పటికి లేదు.

సంతకాలన్నీ అయ్యాక ఇంకో కాగితం తీసింది. అప్పు మీద ఇన్సూరెన్సు. అందులో ఒక ప్రశ్న చదివింది, సహ దరఖాస్తుదారుకు దీర్ఘకాలిక జబ్బులేమైనా ఉన్నాయా అని.

కింద కొట్లో టైరు ఊడదీస్తున్న సుత్తి చప్పుడు వినిపిస్తోంది.

“ఏం లేవమ్మా,” అన్నాడు బావమరిది. గొంతు చాలా హుషారుగా ఉంది.

ఆవిడ పెన్ను పెట్టబోయింది. నేను ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుందామనే అనుకున్నాను. అతని ఎడమ చెయ్యి బల్ల కిందికి వెళ్లడం చూశాక నా వల్ల కాలేదు. ఆ చెయ్యి దాచుకోవలసిన పనేమీ అతను చేయలేదు.

“ఉందమ్మా. వారానికి మూడుసార్లు డయాలసిస్. కారు దానికే.”

బావమరిది నన్ను తిట్టలేదు. తల వంచుకుని బూట్లవైపు చూస్తూ కూర్చున్నాడు. పని చెడగొట్టానని నాకు అర్థమైంది. మూడు రోజుల్లో నెల అయిపోతుంది. నా నిజాయితీ వల్ల ఒక మనిషి మంచం మీద ముఖం గోడకు తిప్పుకుంటాడని, ఆ తర్వాత ఆ నిజాయితీని నేనొక్కణ్ణే కూర్చుని చూసుకోవలసి వస్తుందని అనిపించింది.

ఆవిడ పెన్ను మూత పెట్టింది. ఆ కాగితం తీసి సొరుగులో వేసి సొరుగు మూసింది.

“ఇన్సూరెన్సు తప్పనిసరి కాదు సార్. తప్పనిసరి అని అందరికీ చెప్తాం, చెప్పమంటారు కాబట్టి. అది లేకపోతే నెలకు కట్టేది కూడా కాస్త తగ్గుతుంది.” ఆగి, నన్నే చూస్తూ అంది. “కాని ఈయనకు ఏమైనా అయితే మొత్తం మీ ఒక్కరి మీదే పడుతుంది. తెలుసు కదా?”

“తెలుసమ్మా.”

మూడేళ్లా ఐదేళ్లా అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా బావమరిది తలెత్తాడు.

“ఐదేళ్లు రాయండి. మధ్యలో కట్టడం మానేస్తే ఏమవుతుందమ్మా?”

“మీ రికార్డు పాడవుతుందండీ.”

“పాడవనివ్వను,” అన్నాడు.

నెలాఖరుకు ఒకరోజు ముందు కారు వచ్చింది. మర్నాడు డయాలసిస్ రోజు. నేను తయారై తాళంచెవి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను, రమ్మని అడగలేదు. అడిగితే కాదంటాడేమోనని భయం. చాలాసేపటికి బూట్లు వేసుకుని వచ్చి, నా పక్కనుంచి బయటికి నడిచి, వెనక సీట్లో కూర్చున్నాడు. దారిలో మీటరుండే చోట అలవాటుగా చూసి, ఏమీ లేక, కిటికీ వైపు తిరిగాడు.

ఆ నాలుగు గంటలూ నేను ఆస్పత్రి వరండాలో కూర్చున్నాను. తీసుకొచ్చేటప్పుడు నర్సు నన్ను పక్కకు పిలిచి, రక్తపోటు బాగా పడిపోతోందని, గుండె కూడా అలిసిపోతోందని, వచ్చే వారం డాక్టరుతో ఒకసారి మాట్లాడమని చెప్పింది. ఎంత కాలమని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు. అడగనందుకు నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి లోపలికి వెళ్లిపోయింది.

సగం దారిలో అతనికి వాంతి అయింది. చొక్కా మీద, సీటు మీద, తలుపు మీద. మూసి ఉన్న కొట్టు ముందు కారు ఆపి వెనక్కి వెళ్లాను. రెండు చేతులతో తుడవాలని చూస్తున్నాడు. తప్పయిపోయింది బావా, తప్పయిపోయింది అంటున్నాడు. ఊరుకోమన్నాను. సీసాలో నీళ్లతో అతని మొహం కడిగి, నా చొక్కా విప్పి అతనికి తొడిగి, సీటు తుడిచాను. మమ్మల్ని దిగమనేవాళ్లు ఎవరూ లేరు. బనీనుతో నడుపుకుంటూ ఇంటికొచ్చాను.

వచ్చేసరికి నిద్రపోయాడు. లేపలేదు. ఇంజను ఆపి, కిటికీలు సగం దించి, ముందు సీట్లోనే కూర్చున్నాను. అతని ఊపిరి వినబడుతోంది, ఒక్కోసారి ఆగి, మళ్లీ మొదలై. ఆగినప్పుడల్లా నేను అద్దంలో చూశాను.

చీకటి పడే వేళకు కదిలాడు.

“ఇల్లు వచ్చిందా?”

“ఎప్పుడో వచ్చింది.”

ఒంటిమీది నా చొక్కా ఒకసారి తడిమి చూసుకున్నాడు. తర్వాత వెనక నుంచి, గొంతులో బలం లేకుండానే అన్నాడు.

“ఎల్లుండి గంట ముందు బయల్దేరదాం బావా. నువ్వు నడిపే స్పీడుకి నడిచి వెళ్లేవాళ్లు మనల్ని దాటిపోయారు.”

సరేనన్నాను. దిగి అటువైపు వెళ్లి, తలుపు తీసి, చంకల కింద చేతులు వేసి లేపాను. బరువేమీ లేడు. గుమ్మందాకా అలాగే, ఇద్దరం కలిసి, ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్లాం.