అద్దాల పెట్టెలో కుంకుడు గింజలు

నేను ఒక జపమాలను. వెండిదాన్నో పగడాలదాన్నో అనుకునేరు, ఉత్త కుంకుడు గింజలదాన్ని. తలంటుకున్నాక జనం పెరట్లో పారబోసే నల్లటి గింజల్ని గుడిలో జపాలు చెప్పించే ఉపదేశి రాయప్ప ఏరుకొచ్చి, కాల్చిన దబ్బనంతో బెజ్జాలు వేసి, రాగితీగకు గుచ్చి, చివర రేకు సిలువ తగిలించాడు. ఈస్టరుకు ముందొచ్చే తపస్సు కాలమంతా ఆయన చేసిన పని అదొక్కటే. మిగతా చాకిరీ అంతా భార్య ఇన్నాసమ్మ చేసింది. అందుకే కాబోలు, నన్ను ఆమెకే ఇచ్చాడు.

ఇన్నాసమ్మ భక్తికి వంక పెట్టలేను. కాకపోతే గింజకొకటిగా చెప్పే మంగళవార్త జపాల్లో ఒకదానికీ ఇంకొకదానికీ నడుమ కోళ్ళను అదిలించడం, కోడళ్ళను తిట్టడం మానేది కాదు. మావాళ్ళు పోయినవారి చేతికి జపమాల చుట్టి పాతిపెడతారు. ఆమె మాత్రం పోయే ముందు, "ఇది నాకు చుట్టమాకండి. శౌరమ్మకియ్యండి. ఈ ఇంట్లో దానికి నా తిట్లు తప్ప ఇంకేం దక్కలా" అంది.

శౌరమ్మ చిన్న కోడలు. పిల్లల్లేరు, పెనిమిటి పోయాడు. పొద్దంతా మిరపకాయలు కోసి, ఆ ఘాటు వేళ్ళతోనే నన్ను పట్టుకునేది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, గుడిలో ఎవరూ లేనప్పుడు, ఆమె వేళ్ళు ఒక గింజ దగ్గర ఆగిపోయాయి. ఆమెకేం కనిపించిందో నాకు తెలియదు. వేళ్ళు మాత్రం పసిబిడ్డను పట్టుకున్నంత మెత్తనయ్యాయి. కాళ్ళ మీద చీమలు పాకినా కదల్లేదు. అంత సంతోషం నేనెన్నడూ ఎరగను. గుడి ఊడవడానికొచ్చిన ముసలామె అది చూసింది. పొద్దుగూకేలోపు ఊరంతా తెలిసిపోయింది.

ఇక చూడండి. కాన్పు కష్టమైనా, గేదె పాలు చేపకపోయినా శౌరమ్మ గడపే. నన్ను తలకు తాకించుకుంటే చాలన్నారు. కానీ ఆ సంతోషం కొన్నాళ్ళు వచ్చి, తర్వాత రావడం మానేసింది. ఎండిన బావిలో చేద వేసినట్టు ఆమె రోజూ నన్ను తిప్పేది, ఏడ్చేది. తలుపు సందులోంచి చూసినవాళ్ళు మరియతల్లితో మాట్లాడుతోందని దణ్ణం పెట్టుకునేవారు. పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో గురువుగారికి చెప్పుకుంటే, "పరీక్షమ్మా, ఓర్చుకో" అన్నాడాయన. (ఆ రహస్యం దాచాల్సింది గురువులు, జపమాలలు కాదు.) ఓర్చుకుంది. తనకు లేనిదాన్ని జనానికి పంచుతున్నానన్న బాధ మాత్రం ఆమెను తినేసింది.

అలాంటి రోజుల్లో మా ఊరి జోజమ్మ వచ్చింది, ఒళ్ళు కాలిపోతున్న కూతుర్ని భుజాన వేసుకుని. పిల్ల అప్పటికే కళ్ళు తేలేసింది.

"నా దగ్గరేం లేదమ్మా. పిల్లని ఆసుపత్రికి తీసకపో" అంది శౌరమ్మ.

"నువ్వట్టాగే అంటావులే అత్తా. పునీతులెవురూ మేం పునీతులమని చెప్పుకోరంట. ఒక్కసారి మాల తాకించు."

"నిజం చెప్తన్నా. దేవుడు నాతో మాట్టాడక ఏళ్ళయింది. నా మాట నమ్ము."

జోజమ్మ ముఖం వెలిగిపోయింది. ఇంత వినయం ఆమె ఎక్కడా చూడలేదు. పిల్లను శౌరమ్మ ఒళ్ళో పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకుంది.

ఔనంటే మహిమ, కాదంటే వినయం. నిజం చెప్పే దారే లేకపోయింది శౌరమ్మకు. పిల్లను ఎత్తుకుని, చెప్పులైనా వేసుకోకుండా రోడ్డెక్కి, ఎదురొచ్చిన ఆటోను ఆపింది. జోజమ్మ వెనకే పరుగెత్తింది. డాక్టరమ్మ సెలైను పెట్టిస్తూ, ఇంకాస్త ఆగితే పిల్ల దక్కేది కాదని ఇద్దరినీ తిట్టింది. పిల్ల బతికింది. అంతసేపూ నేను శౌరమ్మ బొడ్లో ఉన్నాను. ఆ పిల్లను ఒక్కసారీ తాకలేదు.

ఊళ్ళో మాత్రం పిల్లను బతికించింది నేనేనట. ఇంతటి వస్తువు ఒక ఇంట్లో ఉండకూడదని పెద్దలు తీర్మానించి, గుడిలో మరియమ్మ స్వరూపం పక్కన అద్దాల పెట్టె చేయించారు. శౌరమ్మ నన్ను గుండెకు అదుముకుని, "నాకు మిగిలింది ఇదొక్కటేనయ్యా" అంది. ఆ మాటకు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. తుడుచుకుని, నన్ను తీసుకున్నారు.

ఆ తర్వాత ఆమె రోజూ వచ్చి పెట్టె ముందు నిలబడేది. ప్రార్థనకు కాదు, జబ్బు పిల్లలను తెచ్చినవాళ్ళను ఆసుపత్రికి తోలడానికి. "ఇందులో ఏం లేదు, పోండి" అని కసిరేది. ఆ మాట నమ్మి కాదు, ఆమె నోట మరియతల్లి ఆజ్ఞ అని వెళ్ళేవాళ్ళు. పోనీ, వెళ్ళారు. పిల్లలు బతికారు. ఆ పుణ్యమూ నా ఖాతాలోనే పడింది. పోయిన నెల శౌరమ్మ కన్నుమూసింది. చేతికి ప్లాస్టిక్ మాల చుట్టి పాతిపెట్టారు.

ఇవాళ పక్క ఊరి నుంచి ఒకామె జ్వరంతో కాలిపోతున్న చంటిబిడ్డను తెచ్చింది. తోడు తీసుకొచ్చింది జోజమ్మే. "నా పిల్లని బతికించింది ఇదే. భయపడమాకు, ఈడ ఆనించు" అని బిడ్డ నుదురును అద్దానికి ఆనింపజేసింది. ఆసుపత్రికి పొమ్మని కసిరే మనిషి లేదు. నేను గింజలను, నాకు నోరు లేదు. బిడ్డ చాలాసేపు మూలిగాడు. ఇప్పుడే ఆ మూలుగు ఆగింది.

"చూశావా, నెమ్మదించాడు. స్తోత్రం చెప్పుకో" అంటోంది జోజమ్మ. తల్లి చేతులు జోడించింది. బిడ్డ నుదురు ఆనినచోట అద్దం ఇంకా కాలుతూనే ఉంది.