రోజంతా ఒకే పాట

ముప్పై ఏడో దుప్పటి మీద నీళ్లు చిలకరించి, నాలుగు మూలలూ సాగదీసి, ఆవిడ ఇస్త్రీపెట్టె ఎత్తింది. ఆసుపత్రి వెనకవైపు మెట్లు దిగితే వచ్చే బట్టల గదిలో ముప్పై ఒక్కేళ్లుగా ఆవిడ పని అదే. పెట్టె బరువుకి కుడి భుజం కాస్త కిందికి జారింది. మోచేతి నుంచి మణికట్టు దాకా పాతవీ కొత్తవీ కాలిన మచ్చలు. డాక్టర్లతో సహా అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. జీతం పట్టీలో ఉన్న అసలు పేరు ఎవరైనా చదివితే, ఎవరినో పిలుస్తున్నారనుకుని ఆవిడే వెనక్కి తిరిగి చూస్తుంది.

ఏప్రాన్ జేబులో ఫోను పాడుతోంది. ఉతికే యంత్రాల రొదలో పాట వినబడదు. తొడకి సన్నగా తగిలే అదురును బట్టే పల్లవో చరణమో పోల్చుకుంటుంది. పొద్దున ఎనిమిదింటికి పెడితే సాయంత్రం ఐదింటికి ఆపుతుంది. ఒకే గాయని, ఒకే పాట: "ఇల్లు ఊడ్చి కూర్చున్నా, ఎవరైనా రండి." రెండేళ్ల కిందట, భర్త పోయిన నెలలో, మాసిన దుప్పట్లు తేవడానికి వార్డుకి వెళితే ఓ రోగి మంచం పక్కన ఈ పాట వినబడింది. దుప్పట్ల మూట చంకన పెట్టుకుని అయిపోయేదాకా అక్కడే నిలబడిపోయింది. ఆ గాయని పెద్ద పేరున్న మనిషేమీ కాదు. అందుకే పెద్దమ్మకి ఆ అమ్మాయి మీద మరీ ఆపేక్ష.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని మేనకోడలు దిగి వచ్చింది. పైన చీటీలు రాసే కిటికీ దగ్గర ఆ పిల్ల ఉద్యోగం.

"వినబడని పాట ఎందుకత్తా? బ్యాటరీ దండగ."

"ఇది మోగినప్పుడల్లా ఆ అమ్మాయికి ఏదో ముడుతుందటగా. నా వంతు నేను చేస్తున్నా."

మేనకోడలికి పొలమారింది. "నువ్వు నెలంతా మోగించినా ఆ పిల్లకి ఓ టీ కూడా రాదత్తా!"

పెద్దమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. రెండేళ్లుగా ఒకరి ఆకలి తీరుస్తున్నాననుకుని, తీరా ఖాళీ కంచం ముందుకు జరుపుతున్నానని తెలిసినట్టు ముఖం చిన్నబోయింది.

"మరేం చెయ్యాలే?"

"వెళ్లి ఎదురుగా కూర్చో. ఇవాళ సాయంత్రమే గ్రంథాలయం హాల్లో పాడుతోంది, ఇదిగో ఫోన్లో వేశారు."

"అలాంటి చోట్లకి నేనా?"

"ఏం, నీకు చెవుల్లేవా?"

మూడింటికి సూపర్‌వైజర్ ముందు నిలబడి, గంట ముందుగా వెళతానని అడిగింది. ఆయన కంగారుగా కుర్చీలోంచి లేచాడు.

"ఒంట్లో బాలేదా పెద్దమ్మా?"

"బానే ఉంది బాబూ. పాట వినడానికి."

ఆయన సెలవు చీటీ మీద సంతకం పెట్టి ఇచ్చాడు.

హాల్లో అరవై కుర్చీలున్నాయి. మనుషులు తొమ్మిది మంది, లైట్లు వేసే అతనితో కలిపి. మంచినీళ్ల కోసం వెనక వసారాలోకి వెళితే అక్కడ గాయని కనబడింది. మందుల దుకాణంలో పగటి ఉద్యోగం ముగించుకుని సరాసరి వచ్చినట్టుంది, మెడలో ఇంకా దుకాణం బిళ్ల వేలాడుతోంది. సంచిలో నలిగిపోయిన పొడుగు గౌనుని గోడకానించి అరచేత్తో సాపు చేస్తోంది. అది చూశాక పెద్దమ్మ చేతులు ఊరుకోలేదు.

"ఇటివ్వమ్మా."

బల్ల మీది టీ కెటిల్ అడుగు తాకి చూసింది. వేడిగా ఉంది. చేతిరుమాలు తడిపి గౌను మీద పరిచి, కెటిల్‌తో నెమ్మదిగా ఒత్తుకుంటూ పోయింది. ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి.

"ఎవరమ్మా మీరు?"

"ఆసుపత్రిలో ఇస్త్రీ చేస్తాను. నీ పాటంటే ఇష్టం."

"మంచిరోజే వచ్చారు," గాయని నవ్వింది. "ఇవాళే ఆఖరు. ఎన్నాళ్లని గోడలకి పాడను? ఏ ఊళ్లో ఎందరు విన్నారో పాటల యాప్ చెబుతుంది కదా. ఈ ఊరికి ఒక్కరే. పొద్దున ఎనిమిది నుంచి ఐదు దాకా అదే పాట. ఆదివారాలు మాత్రం ఉండదు. మనిషన్నవాళ్లు అలా వింటారా? ఏదో యంత్రం తప్పు."

కెటిల్ ఆగింది.

"ఆదివారం నాకు సెలవమ్మా," అంది పెద్దమ్మ.

గాయని ఆ మచ్చల చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. లోపల్నుంచి పిలుపు వచ్చేదాకా వదల్లేదు.

పెద్దమ్మ మొదటి వరుసలో కూర్చుంది. "ఎవరైనా" అనే మాటకి ముందు ఆ పిల్ల చిన్న ఊపిరి తీసుకుంటుందని ఆ సాయంత్రమే తెలిసింది. రొదలో ఇన్నాళ్లూ అది అందనేలేదు. పాట అయ్యాక చప్పట్లు కొట్టడం మరిచిపోయింది. వెళుతూ, "మళ్లీ ఎప్పుడమ్మా?" అని అడిగింది, ఆఖరన్న మాట విననట్టే.

గాయని ఆవిడ కోసం తలుపు తీసి పట్టుకుంది. "వచ్చే నెల," అంది.

మరుసటి నెల పాడింది. ఆపై నెలా పాడింది. రెండోసారికి పెద్దమ్మ మేనకోడల్నీ, సూపర్‌వైజర్‌నీ, ఇద్దరు నర్సుల్నీ వెంటేసుకుని వెళ్లి, మొదటి వరుసంతా తనే ఆక్రమించింది. మూడో నెల మొదట్లో ఒక మధ్యాహ్నం, అన్నం తిని, మడతపెట్టిన దుప్పట్ల దొంతర మీద తల వాల్చింది. నిద్రపోతోందనే అనుకున్నారు. లేపడానికి వచ్చిన మేనకోడలే ఏప్రాన్ జేబులో చెయ్యి పెట్టి పాట ఆపింది.

రెండు రోజులు యాప్‌లో ఆ ఊరి పేరు ఎదుట సున్నా చూసిన గాయని, మూడో రోజు బట్టల గది మెట్లు దిగి వచ్చింది. ఇస్త్రీ బల్ల దగ్గర ఎవరూ లేకపోవడం చూసి, చల్లారిన ఇస్త్రీపెట్టె మీద చెయ్యి ఆనించింది. ఓ మూల అత్త సామాన్లు సర్దుతున్న మేనకోడలు బల్ల సొరుగు లాగింది.

"మీకోసమే అక్కా. మీరు కూర్చుని పాడే స్టూలు మరీ గట్టిదట, మీ నడుం పోతుందని అత్తది ఒకటే గొణుగుడు."

చిరిగిన దుప్పట్లలో బాగున్న ముక్కలు ఏరి కుట్టిన చిన్న దిండు అది. మూడు వైపులా కుట్టు పూర్తయింది. నాలుగో వైపు సగం దూరంలో సూది గుచ్చి ఉంది, దానికింకా జానెడు దారం ఉంది.