తుడిచిన బొట్టు

ఫర్నేస్ తలుపు తీసి, చెయ్యి చప్పున వెనక్కి లాక్కున్నాను. లోపలి గాజుపలక ఎప్పుడో చల్లారింది. చెయ్యి కాలే వేడేమీ లేదు. అయినా లాక్కున్నాను.

నీళ్లలా తేటగా రావాల్సిన పలక మధ్యలో శనగగింజంత తెల్లటి మచ్చ. గుండ్రంగా, సరిగ్గా అక్కడే.

ఆయుధపూజ నాడు మా ల్యాబు అటెండరు గురమ్మ ప్రతి మిషనుకూ కుంకుమబొట్టు పెట్టింది. నేను నునుపు చేసి పెట్టుకున్న ఈ పలకకు కూడా.

"దీనికేంటికక్కా?" అన్నాను.

"పండగపూట బోసిగా ఉంటే బాగుంటాదా?" అంటూ నా ముఖం చూసి, ఠక్కున చూపు తిప్పుకుంది.

స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేశాను. ఎరుపు మొత్తం పోయింది. గాజులో నా నుదురు కనిపించింది.

ఈ పలక తేటగా వస్తేనే నా థీసిస్ పూర్తవుతుంది. మళ్లీ కరిగించడానికి ముడిసరుకూ లేదు, గడువూ లేదు. గాజును మొదట తక్కువ వేడిలో నిలపాలి. అప్పుడు స్ఫటికాలకు బీజాలు పడతాయి; బయటికేమీ కనిపించదు. వేడి పెంచాక అవి పెరుగుతాయి. బీజాలు అంతటా సమంగా పడితే స్ఫటికాలు కంటికి ఆననంత సన్నగా ఉండిపోతాయి. ఒకచోట మలినం అంటుకుని ఉంటే మాత్రం అక్కడే ముందుగా పుట్టి, పెద్దవై, తెల్లగా పేరుకుంటాయి. కుంకుమలో సున్నం ఉంటుంది. దూదికి అందనిదేదో మిగిలిపోయింది.

మా గైడు రాఘవేంద్రప్రసాద్ గారు వచ్చి పలకను వెలుతురుకు పట్టి చూశారు.

"ఏం నాగశ్రీ, గాజుకు పెండ్లి చేసినావా?"

నవ్వబోయి ఆగిపోయారు. పోయినేడు రాజంపేట దారిలో లారీ గుద్ది నా భర్త ప్రదీప్‌కుమార్ చనిపోయిన సంగతి గుర్తొచ్చినట్టుంది.

"పైపొరే కదమ్మా. అరగదీస్తే పోతాది. సాయంత్రం చూపించు" అని గబగబా వెళ్లిపోయారు.

అప్పుడు, కర్మల రోజున, ఒక ముసలావిడ తడిగుడ్డతో నా నుదురు తుడిచింది. చల్లగా ఉందనుకున్నాను, అంతే. ఏడవడం లేదని పక్కనెవరో నా చెయ్యి గిచ్చారు కూడా. తర్వాత బొట్టు పెట్టుకోవద్దని ఎవరూ అనలేదు. అద్దం ముందు నా చెయ్యే పైకి లేచేది కాదు. నేను గట్టిదాన్ననుకున్నాను.

గురమ్మ స్విచ్ వేసింది. అరగదీసే చక్రం తిరగగానే నీళ్లు వదిలాను. మచ్చ మీద వేలు పెడితే గరుకుగా తగిలింది. పలకను చక్రానికి ఆనించడమే తరువాయి.

చేతులు ముందుకు రాలేదు.

"గురమ్మక్కా, మిషన్ ఆపెయ్."

"అప్పుడే అయిపోయిందా?"

"లేదు. నేను తుడవను."

గురమ్మ స్విచ్ ఆపి దగ్గరికొచ్చింది. మచ్చను చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, నేను పెట్టిందేనా? సారుకేం చెప్తావు? నీ చదువేం గావాల?"

"ఉండేది ఉన్నట్టే చూపిస్తా. పొమ్మంటే పోతా."

"అంత ధైర్యంగా చెప్తాండావు, మరి ఏడుస్తాండావేమ్మా?"

నేనా?

పలకను రొమ్ముకు ఆనించి, ఖాళీ చేత్తో చెంప తడుముకున్నాను. తడిగా ఉంది.